మంత్రి గారూ, పిల్లల్ని అడిగారు సరే, జవాబు ఎప్పుడు చెబుతారు?

విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం.

సిలబస్ మార్చాలన్నా, పరీక్షల పద్ధతి మార్చాలన్నా ముందు ఒక కమిటీ వేస్తారు. అందులో రిటైరైన అధికారులు, ప్రొఫెసర్లు ఉంటారు. అప్పుడప్పుడు టీచర్లకూ చోటు దొరుకుతుంది. రోజంతా ఆ బెంచీల మీద కూర్చునే వాళ్ల తరఫున మాత్రం ఎవరూ ఉండరు.

ఈమధ్య 'విద్యార్థుల అభిప్రాయ సేకరణ' అనే మాట తరచుగా వినిపిస్తోంది. సంతోషమే. కానీ జరిగేదేమిటి? బాగా చదివే నలుగుర్ని ఎంపిక చేస్తారు. ఏం మాట్లాడాలో ముందురోజే రాసిస్తారు. పాపం, ఆ 'అభిప్రాయం' కూడా వాళ్లు బట్టీ పట్టాల్సిందే! ఆ తర్వాత ఫొటో, చప్పట్లు. రోజర్ హార్ట్ అనే పరిశోధకుడు 1992లో యూనిసెఫ్ కోసం రాస్తూ పిల్లల భాగస్వామ్యాన్ని 8 మెట్ల నిచ్చెనగా చూపించారు. పిల్లల్ని వాడుకోవడం, అలంకారంగా నిలబెట్టడం, పేరుకి పిలవడం అనే కింది 3 మెట్లనూ ఆయన భాగస్వామ్యం కింద లెక్కే వెయ్యలేదు.

పిల్లల మాట వినడం పెద్దల దయ కాదు. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 12వ అధికరణ ఉన్నదే ఇందుకు. తమకు సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కు పిల్లలకు ఉంది, వయసును, పరిణతిని బట్టి దానికి తగిన విలువ ఇవ్వాలి అంటుందది. చెప్పిందల్లా చేసెయ్యమని అనలేదు.

'అడిగితే హోంవర్కే వద్దంటారు' అని మీ అధికారులు అనొచ్చు. అననివ్వండి. ఎందుకు వద్దో కూడా అడగండి. నాలుగు సబ్జెక్టుల వాళ్లూ ఒకేరోజు ఇస్తే రాత్రి ఎప్పటిదాకా కూర్చోవాలో చెబుతారు. జవాబు తప్పినప్పుడు క్లాసంతా నవ్వితే ఇక చెయ్యి ఎత్తబుద్ధి కాదని చెబుతారు. టాయిలెట్ తలుపుకి గడియ లేక బడిలో నీళ్లు తాగడమే మానేశామని ఏ అమ్మాయో చెబుతుంది. తనిఖీకి వచ్చినవాళ్లు టాయిలెట్లు లెక్కపెట్టుకుని వెళ్తారు, గడియ సంగతి వాళ్లకెందుకు?

పొద్దున్నే లేవలేకపోతున్నామని టీనేజీ పిల్లలు అంటే అందరం బద్ధకం అన్నాం. ఆ వయసులో శరీరమే నిద్రవేళను వెనక్కి జరుపుతుందని, రాత్రి తొందరగా నిద్ర పట్టదని పరిశోధనల్లో తేలింది. 2014లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం ఆ వయసు వాళ్లకి ఉదయం 8.30 కంటే ముందు బడి పెట్టొద్దని సూచించింది. కాలిఫోర్నియాలో 2022 నుంచి చాలా హైస్కూళ్లకు అది చట్టమే అయింది. పిల్లలు మొదట్నుంచీ మొత్తుకుంటున్నది అదే కదా.

అందుకే అడిగే పద్ధతి మార్చమని కోరుతున్నాను. పేరు రాయనక్కర్లేని కాగితం ఇవ్వండి, దాన్ని వాళ్ల టీచర్లు కాకుండా వేరేవాళ్లు చదవాలి. వెనక బెంచీ వాళ్లని, బడి మానేసినవాళ్లని కూడా అడగండి. అదీ నిర్ణయం జరిగిపోయాక కాదు, ముందే.

అన్నిటికంటే ముఖ్యం, తిరిగి జవాబు చెప్పండి. ఏది ఒప్పుకున్నారు, ఏది కుదరదు, ఎందుకు కుదరదు అన్నది పిల్లలకి అర్థమయ్యే మాటల్లో ఒక్క పేజీలో రాసి ప్రతి క్లాసులో చదివించండి. 'కుదరదు' అన్నా పిల్లలు తట్టుకుంటారు. అడిగి, ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే మాత్రం రెండోసారి ఖాళీ కాగితమే తిరిగొస్తుంది.

వచ్చే ఏడాది టైంటేబుల్, పరీక్షల తేదీలు ఇంకా ఖరారు కాలేదు కాబట్టి వాటితోనే మొదలుపెట్టొచ్చు.

ఇట్లు,
ఒక ఉపాధ్యాయురాలు