సున్నం సంగతి టీడీఎస్ మీటర్ చెప్పదు

సంపాదకులు గారికి,

పిడుగురాళ్లలో ప్లంబింగ్, గీజర్ల రిపేర్లు చేస్తుంటాను. చలికాలం వచ్చిందంటే మాకు చేతినిండా పని. గీజర్ విప్పితే చాలాసార్లు కాయిల్ కనబడదు, దాని చుట్టూ బొటనవేలు మందాన తెల్లటి పెచ్చు కట్టి ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో తడితే పెళ్లలుగా ఊడుతుంది. ‘కంపెనీ మాల్ బాగాలేదయ్యా’ అంటారు ఇంటివాళ్లు. మాల్ మంచిదే, మన నీళ్లే అలాంటివి.

పల్నాడులో చాలాచోట్ల సున్నపురాయి నేల. ఆ రాళ్ల సందుల్లో ఊరిన బోరు నీళ్లలో కాల్షియం బైకార్బనేట్ కరిగి ఉంటుంది. నీళ్లు కాగితే కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి, కరిగినది మళ్లీ రాయిగా మారి కాయిల్‌ని పట్టుకుంటుంది. ఉప్పు, పంచదార వేడినీళ్లలో ఇంకా బాగా కరుగుతాయి, ఇది మాత్రం తక్కువ కరుగుతుంది. అందుకే ట్యాంకు ఒకటే అయినా చన్నీళ్ల పైపు కంటే వేడినీళ్ల పైపు ముందుగా మూసుకుపోతుంది. నాబ్ చివరిదాకా తిప్పకుండా 60 డిగ్రీల దగ్గర ఆపినా సున్నం పట్టడం తగ్గుతుంది, కరెంటూ కలిసొస్తుంది. సున్నం బట్టీల ఊరివాళ్లం కదా, ఈ మాట చెబితే మాకు తెలియదా అంటారు!

అసలు చిక్కు టీడీఎస్ మీటర్‌తో, అంటే నీళ్లలో కరిగినవన్నీ కలిపి ఎంతున్నాయో అంకె చూపే మీటర్‌తో వచ్చింది. పెన్నులాంటి ఆ మీటర్ గ్లాసులో ముంచి, ‘ఎనిమిది వందలు ఉంది, సున్నం తీసేసే సాఫ్ట్‌నర్ పెట్టించాల్సిందే’ అని అమ్మేవాళ్లు భయపెడుతున్నారు. గ్లాసులో చిటికెడు ఉప్పు వేసినా ఆ అంకె పెరుగుతుంది, సున్నం ఎంతుందో మాత్రం దానికి తెలియదు. పైగా సాఫ్ట్‌నర్ కాల్షియం తీసుకుని సోడియం వదులుతుంది కాబట్టి పెట్టించాక కూడా మీటర్ దాదాపు అంతే చూపిస్తుంది. అప్పుడు మోసపోయామని మళ్లీ గొడవ.

చూడాల్సినవి హార్డ్‌నెస్ (కాల్షియం, మెగ్నీషియం ఎంతున్నాయో), ఆల్కలినిటీ (బైకార్బనేట్ లాంటివి ఎంతున్నాయో), పీహెచ్ (నీళ్లు ఆమ్లమా, క్షారమా). తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం హార్డ్‌నెస్ లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే నీళ్లు దొరకనిచోట 600 దాకా ఒప్పుకుంటారు.

కొందరు బాత్రూం యాసిడ్ తెచ్చి పైపుల్లో పోస్తున్నారు. సున్నం బుసబుసా పొంగి కరిగే మాట నిజమే, దాంతోపాటే జీఐ (ఇనుప) పైపు మీది జింకు పూతా పోతుంది. బ్లీచింగ్ పౌడర్ ఉన్నచోట పోస్తే క్లోరిన్ లేచి ప్రాణం మీదికొస్తుంది.

మున్సిపల్ బోర్ల నీటిని ఎండాకాలం ఒకసారి, వానలయ్యాక ఒకసారి పరీక్ష చేయించి, హార్డ్‌నెస్ ఎంతో వార్డులవారీగా నోటీసు బోర్డులో పెట్టమని అధికారులను కోరుతున్నాను. సాఫ్ట్‌నర్ కొనాలా వద్దా అన్నది జనమే తేల్చుకుంటారు.

— ఒక ప్లంబర్, పిడుగురాళ్ల, పల్నాడు జిల్లా