ఆ మాత్ర గురించి నీ ప్రశ్నలు

ప్రియమైన రఘూ,

నీ ఉత్తరం అందింది. పిక్కల లోపల ఏదో పాకుతున్నట్టు, లాగుతున్నట్టు ఉండడం, లేచి నాలుగడుగులు వేస్తే తగ్గడం, నడుం వాల్చగానే మళ్ళీ మొదలవడం... ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పకుండా ఎలా భరించావయ్యా!

ముందు నీ భయం సంగతి. నీ కాళ్ళ జబ్బుకు (రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్) రాసిన ప్రామిపెక్సోల్ మాత్రల కాగితం మీద పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) అని ఉంది కాబట్టి డాక్టరు నీ దగ్గర ఏదో దాచారనుకోకు. పార్కిన్సన్స్‌లో, కదలికలను అదుపుచేసే డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే మెదడు కణాలు క్రమంగా నశిస్తాయి. ఈ మందు డోపమైన్ చేయాల్సిన పనిని కొంత తాను చేస్తుంది. కాళ్ళ జబ్బులో అలా కణాలు చచ్చిపోవు. డోపమైన్ పనితీరులో తేడా ఉంటుంది, మెదడులో ఐరన్ తక్కువ కావడానికీ దానికీ సంబంధం ఉంది. అందుకే ఒకే మందు రెండింటికీ వాడతారు. మోతాదు చూసినా నీకే తెలుస్తుంది. నీకు రాసింది 0.125 మిల్లీగ్రాములు, రోజుకు ఒక్కసారి. పార్కిన్సన్స్ ఉన్న మా నాన్న అదే మోతాదును రోజుకు మూడుసార్లు వేసుకోవడంతో మొదలుపెట్టారు, తర్వాత వారాల తరబడి పెంచుతూ పోయారు.

పడుకోబోయే ముందు వేసుకుంటే మందు పనిచేసేదాకా దొర్లుతూనే ఉంటావు. రెండు మూడు గంటల ముందే వేసుకో. కడుపులో తిప్పితే ఏదైనా తిన్నాక వేసుకో. ఒక పూట మరిచిపోతే వదిలెయ్యి, మర్నాడు రెండు కలిపి మింగకు. ఇది చాలావరకు మూత్రపిండాల గుండానే బయటికి పోతుంది కాబట్టి నీ క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తెలిపే రక్తపరీక్ష) ఎంతో డాక్టరుకు చెప్పు. మంచం దిగేముందు కాసేపు కూర్చుని లేవాలి, లేకపోతే బీపీ పడిపోయి కళ్ళు తిరగవచ్చు. కొందరికి ఏ సూచనా లేకుండా ఉన్నట్టుండి నిద్ర ముంచుకొస్తుంది. నీకెలా ఉంటుందో తెలిసేదాకా బండి తీయవద్దు, బతిమాలుతున్నాను.

అన్నిటికంటే నేను నొక్కి చెప్పాలనుకున్నది ఇది. ఈ మందు కొందరిలో ఆపుకోలేని కోరికలు రేపుతుంది: జూదం, కొనుగోళ్ళు, తిండి, లైంగిక వాంఛ. అవసరం లేనిదే దారం ముక్క కూడా కొనని మా నాన్న గోడగడియారాలు తెప్పించడం మొదలుపెట్టారు. విప్పని పెట్టెలు మంచం కింద ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి. అడిగితే, బాగున్నాయి కదా అనేవారు. అమ్మే డాక్టరుతో చెప్పింది. మోతాదు మెల్లగా తగ్గించాక ఆ యావ పోయింది. అది ఆయన బుద్ధి కాదు, మందు ప్రభావం. ఇలాంటిది వేసుకునే మనిషికి తప్పుగా తోచదు, పక్కనున్నవారే కనిపెట్టాలి. అందుకని ఈ ఉత్తరం చెల్లెమ్మకు కూడా చూపించు, సిగ్గుపడకు.

ఇంకొకటి. కొన్నేళ్ళు వాడాక కొందరికి బాధ రాత్రి బదులు సాయంత్రమే, తర్వాత మధ్యాహ్నమే మొదలవుతుంది, చేతులకూ పాకుతుంది. చాలలేదని మోతాదు పెంచితే మరింత ముదురుతుంది. ఈ కారణంగానే అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2025లో ప్రచురించిన మార్గదర్శకాలు కాళ్ళ జబ్బుకు దీన్ని మామూలుగా వాడవద్దని సూచించాయి. గాబాపెంటిన్, ప్రీగాబలిన్ వంటి వేరే మందుల వైపు మొగ్గాయి. ఒంట్లో ఐరన్ నిల్వను తెలిపే ఫెరిటిన్ రక్తపరీక్షలో మిల్లీలీటరుకు 75 నానోగ్రాములు లేదా అంతకన్నా తక్కువ ఉంటే ఐరన్ ఇవ్వడం గురించి కూడా చెప్పాయి. మామూలు లెక్కలో సరిపోయిన ఫెరిటిన్ ఈ జబ్బుకు చాలకపోవచ్చు. నీకు ఆ పరీక్ష చేయించారా? నువ్వు రాయలేదు. జలుబుకు, దురదకు వేసుకునే కొన్ని మాత్రలు కూడా కాళ్ళ బాధను పెంచుతాయి, వాటి పేర్లన్నీ తీసుకెళ్ళి డాక్టరుకు చూపించు.

ఇదంతా చదివి మందు ఒక్కసారిగా మానేయకు. అలా ఆపితే ఆందోళన, దిగులు, చెమటలు, ఒళ్ళునొప్పులు పట్టుకోవచ్చు. మార్చాలన్నా ఆపాలన్నా డాక్టరు చెప్పినట్టు మెట్టుమెట్టుగానే.

ఫెరిటిన్ ఎంత వచ్చిందో, డాక్టరు ఏమన్నారో వెంటనే రాయి. అవసరమైతే నీతోపాటు నేనూ వస్తాను.

నీ
శేఖర్