అక్కయ్యకి ఒక్క రోజు తేడా

ఒరేయ్ శీనూ,

నీ రెండు ఉత్తరాలకీ జవాబు రాయలేదు, ఎంత తిట్టినా పడతాను. ఇక్కడ అంతా బాగే, అమ్మ మోకాలు కుదుటపడింది, పాప పరీక్షలయ్యాయి. మిగతా కబుర్లు తర్వాత. మన టీచరక్కయ్య ఈ వయసులో టెట్ (టీచర్ల అర్హత పరీక్ష) రాయాలా అని అడిగావు చూడు, అది చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

"ఐదేళ్లలోపు సర్వీసు మిగిలుంటే టెట్ అక్కర్లేదట" అని ఎవరో చెప్పారన్నావు. సగమే నిజం రా! 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో రెండు మాటలున్నాయి. ఆ రోజుకి ఐదేళ్ల కన్నా తక్కువ సర్వీసు మిగిలినవాళ్లు టెట్ లేకుండానే రిటైరయ్యేదాకా కొనసాగొచ్చు, అది మొదటిది. రెండోది ఎవరూ చదవట్లేదు: వాళ్లకైనా టెట్ లేకపోతే ప్రమోషన్ లేదు. అంటే మినహాయింపు ఉద్యోగానికే గానీ ప్రమోషన్‌కి కాదు. ఎస్జీటీగా (సెకండరీ గ్రేడ్ టీచర్) ఉన్న అక్కయ్య ఎదురుచూస్తున్నదేమో ఆ పైమెట్టు, స్కూల్ అసిస్టెంట్ పోస్టు కోసం!

ఇప్పుడు లెక్క చూడు. అక్కయ్య పుట్టింది 1968 ఆగస్టు 20. ఆంధ్రలో 62 ఏళ్లకి, నెలాఖరున రిటైర్మెంట్. అంటే 2030 ఆగస్టు 31. తీర్పు తేదీ నుంచి లెక్కపెడితే అదే రోజుకి సరిగ్గా ఐదేళ్లు నిండుతాయి. తీర్పులో ఉన్నది "ఐదేళ్ల కన్నా తక్కువ" అని. జూలైలో పుట్టుంటే ఏ చిక్కూ లేదు. ఆగస్టులో పుట్టినవాళ్ల దగ్గరే వాదన మొదలవుతుంది, ఒక్క రోజు తేడాతో. ఆ ఒక్క రోజు మీద ఉద్యోగం పెట్టుకోవద్దని నా గట్టి అభిప్రాయం. ఎందుకంటే ఐదేళ్ల కన్నా ఎక్కువ మిగిలినవాళ్లకి టెట్ పాసవడానికి రెండేళ్లే గడువు, 2027 ఆగస్టు ఆఖరుకి అయిపోతుంది. ఆలోగా పాసవకపోతే బలవంతపు రిటైర్మెంట్. టెర్మినల్ బెనిఫిట్స్ (రిటైరైనప్పుడు రావాల్సిన డబ్బులు) ఇస్తారు గానీ అర్హత సర్వీసు నిండి ఉండాలి.

"2010 ఆగస్టు 23 కంటే ముందు చేరినవాళ్లం, మాకెందుకు?" అని అక్కయ్య అంటుంది, తెలుసు. టెట్ తప్పనిసరి చేసిన ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) నోటిఫికేషన్ తేదీ అదే, పాతవాళ్లందరి ధైర్యమూ అదే. ఉమ్మడి ఆంధ్రలో మొదటి టెట్టే 2011లో కదా! పాపం, అప్పుడు లేని పరీక్ష ఇప్పుడు రాయమంటే బాధ ఉంటుంది, ఆ బాధ న్యాయమైనదే. కానీ విద్యాహక్కు చట్టం 23వ సెక్షన్ పాతవాళ్లకీ వర్తిస్తుందని కోర్టు తేల్చేసింది. ఇన్నేళ్లు పాఠాలు చెప్పినవాళ్ల పరిస్థితి చూసే, రాజ్యాంగం 142వ అధికరణ కింద ఈ గడువూ ఆ మినహాయింపూ ఇచ్చింది.

ఇంకో పొరపాటు, చాలామంది చేసేది. ఎస్జీటీగా కొనసాగడానికి పేపర్ 1. కానీ స్కూల్ అసిస్టెంట్ ప్రమోషన్‌కి పేపర్ 2, అదీ సబ్జెక్టును బట్టి. అక్కయ్యకి లెక్కలు కాబట్టి 2ఏలో గణితం-సైన్స్. పేపర్ 1 పాసై "టెట్ ఉంది" అనుకుని కూర్చుంటే, జాబితా వచ్చినప్పుడు జూనియర్ ముందుకెళ్లిపోతాడు, కోర్టుకెక్కినా ఆ అర్హత లేదనే అంటారు. రెండూ రాయమను. 150 ప్రశ్నలు, రెండున్నర గంటలు, తప్పు రాస్తే మార్కులు తీసెయ్యరు, ఒక్కటీ వదలొద్దు. ఓసీకి 90, బీసీకి 75, ఎస్సీ ఎస్టీలకి 60 వస్తే చాలు. 2ఏలో 60 మార్కులు గణితం-సైన్స్‌వే, అందులో లెక్కలు అక్కయ్యకి కొట్టినపిండి. శిశు వికాసం 30, అక్కడే జాగ్రత్త: పాఠం చెప్పే అనుభవం వేరు, ఆ పేర్లూ సిద్ధాంతాలూ వేరు. రోజూ గంట దానికే పెట్టమను.

పాసయ్యాక మార్కుల మెమో సర్వీస్ రిజిస్టర్‌లో ఎక్కించి, ఎంఈఓ (మండల విద్యాధికారి) సంతకం చేయించుకోవాలి. బీరువాలో దాస్తే లాభం లేదు. ప్రొవిజనల్ సీనియారిటీ జాబితా వచ్చిన రోజే తన పేరు ఎదురుగా పుట్టిన తేదీ, చేరిన తేదీ, టెట్ కాలమ్ మూడూ చూసుకోవాలి. తప్పుంటే గడువులోపే రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి, రసీదు తీసుకుని... ఆ రసీదు లేక హైకోర్టులో ఎంతమంది రిట్ పిటిషన్లు నిలవలేదో! ఫైనల్ జాబితా అయ్యాక కదపడం కష్టం రా.

రోస్టర్ పాయింట్ల (ప్రమోషన్లలో రిజర్వేషన్ వరస) సంగతి కూడా చెప్పాలి, అది పెద్ద కథ, పైగా రీలింక్విష్‌మెంట్ (ప్రమోషన్ వద్దని రాసివ్వడం) ఇస్తే మళ్లీ ఎప్పుడు... అయ్యో, టపా తీసే వేళయింది. అక్కయ్యకి ఫోన్ చెయ్యి, ఇవాళే.

నీ
రాజు