వట్టిగేదెకి తవుడెందుకు

చి. చిన్నోడికి, అమ్మ దీవించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. మీ నాన్నకి దగ్గు తగ్గింది, బీడీలు తగ్గలేదు. నిన్న రాత్రి నాలుగు చినుకులు పడ్డాయి, కందిచేను నాలుక తడుపుకోడానికి కూడా చాలవు. నువ్వు ఫోనెత్తక ఇవాల్టికి పదమూడు రోజులు. చేవెళ్ల వైపు సిగ్నలు లేదనుకోమంటావా?

ఏదో అడగాలని కాదు, ఊరికే రాస్తున్నా. సుబ్బులత్తయ్య కొడుకు మొన్న మీ షెడ్డుకొచ్చాడట. మూడు దూడలు పోయాయనీ, నాలుగోది లేవలేకుండా ఉందనీ, నువ్వు గేదెల్ని బేరం పెట్టావనీ చెప్పాడు. వాడి మాటల్లో సగం తీసేసినా సగం మిగిలే ఉందిగా.

సరే, అది పోనీ. మన బొల్లిది ఎనిమిదో నెల చూడి. పాలు ఆపేశాం. అయినా కుడితిలో తవుడు, తెలగపిండి కలుపుతూనే ఉన్నా. మీ నాన్నది ఇప్పటికీ అదే పాట, "వట్టిగేదెకి తవుడెందుకే" అని. నువ్వూ అదే అందుకున్నావట: పాలిచ్చేవాటికి దాణా, వట్టిపోయినవాటికి వరిగడ్డి. పత్తిచెక్క ధర నాకు తెలియక కాదు నాయనా.

2002 కరువు మర్చిపోయావా? నీకు ఎనిమిదేళ్లు. చెరువుగట్టు మీద గరిక కూడా లేదు. డెల్టా నుంచి లారీలో వచ్చిన ఎండు వరిగడ్డే ఆర్నెల్లు. పాతగేదె చూడితో ఉంది, తవుడు మీ నాన్న మాన్పించాడు. తెల్లారుజామున ఈనింది, పెయ్యదూడ. లేచింది గానీ పొదుగు దగ్గరికి పోకుండా గుంజకి తల కొట్టుకుంటోంది. మీ నాయనమ్మ లాంతరు దాని మొహం మీదికి పెట్టింది. రెప్ప ఆర్పలేదు. పశువుల డాక్టరు గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి, "రోగం కాదమ్మా, తల్లికి మీరు పచ్చ చూపించలేదు" అన్నాడు. పచ్చమేతలో దొరికే విటమిన్-ఎ తల్లికి చాలకపోతే, కడుపులో దూడకి కంటినరం పోయే ఎముక సందు ఇరుకైపోయి నరం నలిగిపోతుందట. పుట్టాక ఎన్ని సూదులేసినా ఆ చూపు రాదన్నాడు. నా కొంగు పట్టుకుని అంతా విన్నావు. మర్నాడు ఎద్దుల పట్టెడలోంచి మువ్వ ఊడదీసి తల్లి మెడకి కట్టావు, చప్పుడు పట్టుకుని దూడ వెంట నడుస్తుందని. నడిచింది కూడా. దాన్ని తొట్టి దాకా దింపి బడికి ఆలస్యంగా పోయి నెల రోజులు దెబ్బలు తిన్నావు. ఆ పిల్లాడివి నువ్వేనా అని అడగాలనుంది, అడగను.

గేదె మోసేది పది నెలల పది రోజులు. దూడ బరువులో ఎక్కువ భాగం ఆఖరి మూడు నెలల్లోనే పెరిగేది. అప్పుడే దూడ ఒత్తిడికి పొట్టలో మేతకి చోటుండదు, గంపెడు గడ్డి తినలేదు. అందుకే రెండు కిలోల దాణా, యాభై గ్రాముల మినరల్ మిక్చరు. అలాగని మరీ కొవ్వెక్కిస్తే ఈత కష్టమవుతుంది. ఇంకోటి, మనుషుల్లా కాదు, పశువుకి కడుపులో ఉండగా మాయలోంచి రోగనిరోధకం దూడకి అందదు. ముర్రుపాలే దిక్కు, గంటలోపు తాగించు. తల్లి ఎండిపోతే ఆ పాలు మాత్రం ఎక్కణ్ణుంచి వస్తాయి? చాల్లే, చదువుకున్నవాడివి.

మంగళవారం బస్సుకి సంచి పంపుతున్నా. అవిశ చెట్టు గింజలు పచ్చమేతకి షెడ్డు చుట్టూ గుచ్చు, మునగ కొమ్మలు తడిగుడ్డలో చుట్టాను, ఎండకముందే నాటు. గోంగూర పచ్చడి గేదెలకి కాదు, నీకు. రాత్రిళ్లు బన్ను తిని పడుకుంటున్నావని కూడా వాడే చెప్పాడు. పేడచేతులు సబ్బుతో కడుక్కో. అప్పెంతుందో మీ నాన్నకి చెప్పను, నాకు చెప్పు.

గేదెల్ని ఇప్పుడే అమ్మకు. చూడివి ఎన్నున్నాయో, ఎన్నో నెలో ఫోన్లో చెప్పు, రాసుకుంటా. గురువారం లోపు ఫోన్ రాకపోతే నేనే బస్సెక్కుతా. ఈ మోకాళ్లతో మీ షెడ్డు గట్టు ఎలా ఎక్కించుకుంటావో నీ ఇష్టం.

అమ్మ