స్టేజీ మీద నడిచింది నేను, నడిపించినవాళ్లు వీళ్లు

అందాల పోటీలో నా ఫలితం చాలామందికి ఇప్పటికే తెలిసిపోయింది. తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను: చివరి ఐదుగురిలో నిలిచాను, కిరీటం రాలేదు. గెలిచిన అమ్మాయి అన్నివిధాలా తగినదే. ఆమె జవాబు చెప్తుంటే పక్కన నిలబడి నేనూ చప్పట్లు కొట్టాను. "అయ్యో, కొద్దిలో పోయిందే" అని ఫోన్లు చేస్తున్న చుట్టాలందరికీ ఒకటే మాట. నేను బాగున్నాను, డ్యూటీకి వెళ్తున్నాను, మడమల మీద పొక్కులు కూడా మానుతున్నాయి.

ఇంత పొడుగు పోస్టు రాయడానికి కారణం వేరే ఉంది. స్టేజీ మీద "మా ఇంట్లోవాళ్లకి, ఫ్రెండ్స్‌కి థాంక్స్" అనేసరికే యాంకర్ మైకు తీసేసుకుంది. ఆమెను అనడానికి లేదు, టైమ్ అంతే. కానీ ఆ ఒక్క ముక్కలో ఎంతమంది పని, ఎంతమంది డబ్బు, ఎంతమంది నిద్ర కలిసిపోయాయో నాకు తెలుసు. పేర్లు రాయొద్దని కొందరు ముందే చెప్పారు. కొందరివి రాసి కొందరివి వదిలేస్తే బాగుండదు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు. చదివితే ఎవరికి వాళ్లకు తెలిసిపోతుంది.

ముందు మా షాప్ ఫ్లోర్ అన్నలు. నేను చర్లపల్లిలో పంపు విడిభాగాలు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో ప్రొడక్షన్ ఇంజనీర్‌ని. మెకానికల్ చదివేటప్పుడు క్లాసులో అమ్మాయిలం తక్కువే, ఇక్కడ మెషీన్ల మధ్య ఇంకా తక్కువ. పోటీకి పేరిచ్చానని చెప్పినప్పుడు లంచ్‌లో ఏదో ఒక జోకు పడుతుందని అనుకున్నాను. పడింది కూడా. "మేడమ్, కిరీటం వస్తే హెల్మెట్ ఎక్కడ పెడతారు?" అన్నారు ఒకరు. ఆ జోకు వేసిన అన్నే మర్నాడు సూపర్‌వైజర్ దగ్గరికెళ్లి నన్ను పొద్దున షిఫ్ట్‌లో (ఎ షిఫ్ట్) వేయమని అడిగారట. పొద్దున ఆరుకి ఎక్కి రెండుకి దిగితే సాయంత్రాలు ప్రాక్టీసుకు దొరుకుతాయని ఆయన లెక్క. అలా నా బి షిఫ్టులు ఎవరెవరో పంచుకున్నారు. అందులో ఒకరి ఇంట్లో అప్పుడే బిడ్డ పుట్టింది. నాకు ఆ సంగతి తర్వాత తెలిసింది.

ఎంట్రీ ఫీజు కట్టాల్సిన వారం ఒక కవరు నా టేబుల్ మీద పెట్టారు. వాడేసిన జాబ్ కార్డు (ఫ్యాక్టరీలో చేయాల్సిన పని రాసిచ్చే కార్డు) వెనకవైపు ఎవరు ఎంత ఇచ్చారో రాసుంది. క్యాంటీన్‌లో అంట్లు కడిగే పెద్దమ్మ పేరు కూడా ఉంది ఆ కార్డులో. పెద్దమ్మ దగ్గరికెళ్లి తిరిగి ఇవ్వబోతే, "మా మనవరాలు అడుగుతది, ఆ టీవీల పిల్లకు నువ్వేమిచ్చినవ్ అని. నేనేం చెప్పాలె?" అంది. ఇంక మాట్లాడలేదు, తీసుకున్నాను. (మిగిలిన డబ్బు గురించి అడుగుతున్నవాళ్లకు: ఫీజు, ప్రయాణం, మేకప్ పోగా కొంత మిగిలింది. తిరిగి తీసుకోమంటే ఎవరూ తీసుకోలేదు, వచ్చే శనివారం అందరికీ బిర్యానీ.)

నడక గురించి చెప్పాలి, ఎందుకంటే అసలు ఇబ్బంది అక్కడే. రోజంతా సేఫ్టీ షూస్ వేసుకుని తిరిగేదాన్ని. ముందు భాగంలో స్టీల్ ఉంటుంది, బరువు ఎక్కువ, అడుగు దబ్‌మని పడుతుంది. హీల్స్‌లో మొత్తం తిరగబడుతుంది. మడమ పైకి లేస్తే ఒంటి బరువంతా ముందుపాదం మీదికి జరుగుతుంది, దాన్ని సరిచేయడానికి నడుము తనంతట తానే వెనక్కి వంగుతుంది, ఆ వంపే రాత్రికి నొప్పి. బొమ్మ గీసి ఏ బలం ఎటు పనిచేస్తుందో గుర్తులు పెట్టి చూస్తే అంతా అర్థమవుతుంది. నడవడం మాత్రం రాదు. మా హాస్టల్ టెర్రస్ మీద, నీళ్ల ట్యాంకుకీ బట్టలు ఆరేసే తీగలకీ మధ్య, ఫిజియోథెరపీ చదివే నా రూమ్మేట్ చాక్‌పీస్‌తో గీత గీసి నన్ను దాని మీద నడిపించింది. పిక్కలకు ఏ వ్యాయామం, మడమకు ఎప్పుడు ఐస్, ఏ రోజు హీల్స్ ముట్టుకోకూడదు అన్నీ ఆమే చెప్పింది. తన పరీక్షలు నడుస్తున్న రోజుల్లో కూడా పుస్తకం చేతిలో పట్టుకునే టెర్రస్ మీదికి వచ్చేది.

ఒక గ్రూమింగ్ సంస్థకు కూడా వెళ్లాను. వాళ్లు అడిగిన ఫీజు విన్నాక మా ఇంటి మీద ఇంకో అంతస్తు వేసుకోవచ్చనిపించింది. అది పక్కనపెడితే, నా ముఖం చూసి ఆ కౌన్సెలర్ అన్న మొదటి మాట "ఈ కలర్‌ని రెండు షేడ్లు తగ్గించాలి" అని. బయటికొచ్చేశాను. తర్వాత కుషాయిగూడలో పెళ్లికూతుళ్లకు మేకప్ చేసే అక్క దొరికింది. నా రంగుకు సరిపోయే ఫౌండేషన్ తన దగ్గర లేదంది. "నీది మారుద్దామా?" అనలేదు. రెండు సీసాలు తెరిచి చెయ్యి వెనక కలిపి, వెలుతురులోకి తీసుకెళ్లి చూసి, మళ్లీ కలిపి, నా రంగు నాకే తయారుచేసింది. ఫైనల్ రోజు తెల్లవారకముందే స్కూటీ మీద వచ్చింది. డబ్బులు సగమే తీసుకుంది.

నాన్న సంగతికి వస్తాను. నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. చౌటుప్పల్‌లో మా వీధిలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివిన మొదటి అమ్మాయిని నేనేనని అందరికీ చెప్పుకునేవారు. అందుకే విషయం చెప్పగానే "ఇంజనీరింగ్ చదివించింది దీనికా?" అన్నారు. కోపం లేదు ఆ గొంతులో, అదే ఎక్కువ కష్టంగా అనిపించింది. అప్పుడు మానస వారణాసి గురించి చూపించాను. హైదరాబాద్ అమ్మాయి, వాసవి కాలేజీలో ఇంజనీరింగ్, ఆర్థిక సమాచార రంగంలో ఉద్యోగం, 2021 ఫిబ్రవరిలో ఫెమినా మిస్ ఇండియా వరల్డ్ కిరీటం, తర్వాత ప్యూర్టోరికోలో జరిగిన మిస్ వరల్డ్‌లో చివరి 13 మందిలో చోటు. నాన్న కళ్లజోడు పెట్టుకుని అంతా చదివి, "నువ్వు ఉద్యోగం మానేస్తవా?" అని ఒక్కటే అడిగారు. మాననని చెప్పాను.

మా హైస్కూల్ తెలుగు సార్ ఇంకాస్త వెనక్కి వెళ్లారు. 1966లో రీటా ఫారియా మెడిసిన్ చదువుతూనే మిస్ వరల్డ్ గెలిచారనీ, ఆ గ్లామర్ వదిలేసి డాక్టరుగానే బతికారనీ నాన్నకు చెప్పింది ఆయనే. సార్ మాటంటే నాన్నకు గురి. ఆ తర్వాత నాన్న నోటితో ఏమీ అనలేదు. ఒకరోజు నా హీల్స్ తీసుకుని పాత టూల్ బాక్సు ముందు కూర్చున్నారు. స్టేజీ నున్నగా ఉంటుందని ఎవరో చెప్పారట, అడుగున సైకిల్ ట్యూబు రబ్బరు కోసి, అరగదీసి, అంటించి ఇచ్చారు. ఫైనల్‌లో నాకు ముందు నడిచిన అమ్మాయి కాలు జారబోయింది. నాకు జారలేదు.

సైకిల్ ట్యూబు అంటే పోచంపల్లి గుర్తొస్తుంది. సంప్రదాయ దుస్తుల రౌండుకు నేను కట్టిన చీర గురించి చాలామంది అడిగారు. అది ఎక్కడో కొన్నది కాదు, అద్దెకు తెచ్చింది అసలే కాదు. మా అమ్మకు వరుసకు అన్న అయ్యే మామయ్యది పోచంపల్లి. ఇంట్లో మగ్గం ఉంది, ఆయన నేస్తారు, అత్తమ్మ ఆసు పోస్తుంది (నేతకు ముందు దారాన్ని మేకుల మధ్య తిప్పి పేర్చడం), చిటికి కడుతుంది (రంగు అంటకుండా దారాలను బిగించి కట్టడం). 2025 మే నెలలో హైదరాబాద్‌లో మిస్ వరల్డ్ పోటీలు జరిగినప్పుడు ఆ అమ్మాయిల్లో కొందరు పోచంపల్లికి కూడా వచ్చారు, గుర్తుందా? అప్పటి సంగతి ఎత్తి మామయ్య, "దేశదేశాల పిల్లలొచ్చి మన బట్ట చూసి పోయిండ్రు, మన పిల్ల కట్టుకుంటే నేను నెయ్యనా?" అన్నారు. చీర నూలు ఖర్చు మాత్రమే ఒప్పుకున్నారు. కూలి మాట ఎత్తితే అత్తమ్మ కసిరింది.

అది తయారవుతుంటే సెలవు రోజుల్లో వెళ్లి కూర్చునేదాన్ని. ఇంజనీర్ బుద్ధి పోనివ్వలేదు. మామూలు బట్టలో ముందు నేసి తర్వాత అచ్చు వేయొచ్చు. పోచంపల్లి నేతైన ఇక్కత్‌లో నేయకముందే డిజైన్ దారం మీద ఉండాలి. గ్రాఫ్ పేపరు మీద బొమ్మ గీసి, ఆ గళ్ల ప్రకారం దారాల కట్టల మీద గుర్తులు పెట్టి, రంగు ఎక్కకూడని చోట రబ్బరు పట్టీలతో బిగించి కడతారు. ఆ పట్టీలు సైకిల్ ట్యూబు కోసినవే. రంగులో ముంచి, విప్పి, ఇంకో చోట కట్టి, మళ్లీ ముంచి, ఎన్ని రంగులుంటే అన్నిసార్లు. ఇంతా చేసి మగ్గం ఎక్కించాక దారం కాస్త పక్కకు జరిగితే బొమ్మ అంచు చెదురుతుంది. మా ఫ్యాక్టరీలో మైక్రాన్ల తేడా వస్తే పీసు పక్కన పడేస్తాం. ఇక్కడ ఆ కొద్దిపాటి చెదురే అది చేత్తో నేసిందని చెప్పే గుర్తు. పోచంపల్లి పేరుతో మార్కెట్లో ప్రింటు చీరలు కూడా అమ్ముతారు కదా, కొనేముందు తిప్పి వెనకవైపు చూడండి. అసలు ఇక్కత్‌లో రెండువైపులా బొమ్మ ఒకేలా ఉంటుంది. వెనక వెలిసినట్టుంటే వదిలేయండి.

వీటన్నిటికన్నా ముందు ఆసు ఉంది. దారాన్ని ఒకవైపున్న మేకు నుంచి ఎదురుగా అర్ధచంద్రంలా ఉన్న మేకుల వరసకు, మళ్లీ వెనక్కి తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ తిరుగుతుంది. తరతరాలుగా ఆడవాళ్లే చేశారు, వాళ్ల భుజాలే పోయాయి. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు తల్లి పడే ఆ నొప్పి చూడలేక ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. తల్లి పేరే దానికి పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అత్తమ్మ ఇంట్లో ఉన్నది ఆ యంత్రమే. చిన్నప్పుడు చేత్తో పోసిన రోజుల గురించి అడిగితే అత్తమ్మ జవాబు చెప్పలేదు, కుడి చెయ్యి పైకెత్తి చూపించింది. భుజం దాటి లేవలేదు.

ఫైనల్‌లో ప్రశ్నల రౌండులో ఒక న్యాయనిర్ణేత అడిగిన ప్రశ్న మీలో చాలామంది వీడియోలో విన్నారు. "మెషీన్ల మధ్య పనిచేసే మీకు ఈ వేదిక మీద ఏం పని?" అని. అడిగిన తీరు మర్యాదగానే ఉంది. నాకు మాత్రం అత్తమ్మ చెయ్యే కళ్ల ముందు కనబడింది. ఇందాక నేను కట్టుకొచ్చిన చీర వెనక ఒక మెషీన్ ఉందని మొదలుపెట్టి, పైన రాసిందంతా కుదించి చెప్పాను. "ఇంజనీరింగ్ డిగ్రీ నాకుంది, మధ్యలోనే చదువు ఆపేసిన మల్లేశం గారు ఇంజనీరింగ్ చేసి చూపించారు. ఆ చీర కట్టుకుని ఈ మాట చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి చోటు దొరకదు" అని ముగించాను. తెలుగులోనే చెప్పాను. ఆ ధైర్యం సార్‌ది. ఇంగ్లిష్‌లో బట్టీపట్టిన నాలుగు పేరాలు చదివి వినిపిస్తే, "బాగుందమ్మా, ఇది ఎవరి జవాబు?" అని అడిగిన మనిషి ఆయన. ఆ తర్వాత వారం వారం ఫోన్లో ఏవేవో ప్రశ్నలు అడిగి, తడుముకున్నా సరే తెలుగులోనే పూర్తిచేయించారు. నా ఒత్తులు ఇంకా అక్కడక్కడా జారుతున్నాయని నిన్న మళ్లీ చెప్పారు.

తోటి పోటీదారుల గురించి బయట ఏవేవో అంటారు, హీల్స్ విరగ్గొడతారనీ, బట్టలు దాచేస్తారనీ. నేను చూసింది చెప్తాను. గౌను రౌండుకు ముందు నా జిప్పు ఊడింది. మా సందులో టైలర్ అక్క కుట్టిన గౌను అది, కొలతలు సరిగ్గానే ఉన్నాయి, జిప్పే నాసిరకం. వైజాగ్ నుంచి వచ్చిన అమ్మాయి తన మేకప్ సగంలో వదిలేసి వచ్చి నన్ను గోడకు తిప్పి నిలబెట్టి సూదీ దారంతో గౌనుని నా ఒంటి మీదే కుట్టేసింది. "ఊపిరి గట్టిగా తీసుకోకు" అని ఒక హెచ్చరిక కూడా. విప్పడానికి తర్వాత కత్తెర కావాల్సి వచ్చింది. కిరీటం గెలిచింది ఆమే.

అమ్మ గురించి రాస్తే తిడుతుంది కాబట్టి ఒక్కటి మాత్రం. "పిల్లకు పెళ్లి సంబంధాలు రావు" అని ఫోన్ చేసిన ప్రతి ఒక్కరికీ ఓపిగ్గా సమాధానం చెప్పింది, ఏ ఒక్క ఫోనూ నాదాకా రానివ్వలేదు. వాళ్లెవరో పోటీ అయ్యాకే నాకు తెలిసింది. వాళ్లలో కొందరు ఇప్పుడు నా ఫొటోలు స్టేటస్ పెట్టుకుంటున్నారు. వాళ్లకీ థాంక్స్.

ఆఖరుగా ఒక సమాచారం. నాన్న రబ్బరు వేసిన హీల్స్, జిప్పు మార్పించిన గౌను, సగం నిండుగా ఉన్న సేఫ్టీ పిన్నుల డబ్బా నా దగ్గర ఉన్నాయి. ఇలాంటి పోటీకి సిద్ధమవుతూ అద్దెలు కట్టలేని అమ్మాయి ఎవరైనా ఉంటే మెసేజ్ పెట్టండి, హాస్టల్‌కి వచ్చి తీసుకెళ్లొచ్చు. నడక నేర్పడానికి టెర్రస్ కూడా ఉంది, మా రూమ్మేట్ పరీక్షలు అయిపోయాయి. చీర మాత్రం అడగకండి. దాని కోసం మా చెల్లి ఇప్పటికే కాచుకుని ఉంది.