మాండలే ముఖ్యమంత్రిని మనమూ తలుచుకోవాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

మా తాత రంగంలో బతికినవాడు. రంగూన్‌ని మావైపు పెద్దలు అలాగే అనేవారు. 1964లో అక్కడి సైనిక సర్కారు దెబ్బకి ఓడెక్కి వచ్చేస్తూ తెచ్చుకున్న టేకు పెట్టెలోనే ఇప్పటికీ మా ఇంటి కాగితాలు ఉంటాయి. మూత లోపల అంటించిన కాగితం మీద బర్మా అక్షరాలు, మనవాటిలాగే గుండ్రంగా. ఆ దేశం మాట వస్తే చెవి అటు పోవడం మాకు అలవాటు.

అయితే మన పేపర్లలో మయన్మార్ కనబడేది భూకంపం వచ్చినప్పుడో, మన కుర్రాళ్ళు థాయ్ సరిహద్దు పట్టణం మ్యావాడీలో సైబర్ ముఠాల చేతిలో చిక్కినప్పుడో. 2024 అక్టోబరు 7న ఆ దేశంలోని మాండలే ప్రాంతపు మాజీ ముఖ్యమంత్రి డాక్టర్ జా మింట్ మాంగ్ మాండలే ఆసుపత్రిలో కన్నుమూశారు. ఆయన సంగతి ఎందరికి తెలుసు?

వైద్య కళాశాలలో బయోకెమిస్ట్రీ చెప్పే మనిషి. 1990 ఎన్నికల్లో అమరపుర నుంచి గెలిచారు. 492 స్థానాల్లో 392 ఆయన పార్టీవే, అంటే ఆంగ్ సాన్ సూకీ నడిపిన నేషనల్ లీగ్ ఫర్ డెమోక్రసీవే. సైన్యం గద్దె దిగలేదు సరికదా, గెలిచినవాళ్ళనే పట్టుకుంది. అలా లోపలికెళ్ళిన ఆయన బయటపడింది 2009లో. 2012 ఉప ఎన్నికల్లో మళ్ళీ నిలబడి గెలిచారు. 2016లో మాండలే ముఖ్యమంత్రి అయ్యారు.

మన ముఖ్యమంత్రుల్లా ఊహించుకోకండి. 2008 రాజ్యాంగం ప్రకారం అక్కడ ముఖ్యమంత్రిని నియమించేది దేశాధ్యక్షుడు. శాసనసభలో నాలుగో వంతు సీట్లు సైన్యానివి. మంత్రివర్గంలో భద్రత, సరిహద్దు శాఖ చూసేది సైనికాధికారే. ఆ ఇరుకులోనే, తనను జైల్లో పెట్టినవాళ్ళ పక్కన కూర్చుని ఆయన దాదాపు అయిదేళ్ళు పనిచేశారు. నాకు అన్నిటికంటే పెద్దగా తోచేది ఆ ఓర్పే.

2021 ఫిబ్రవరి 1 తెల్లవారుజామున సైన్యం మళ్ళీ గద్దె లాక్కుంది, ఆయన మళ్ళీ అరెస్టు. అప్పటికే రక్త కేన్సర్. అయినా వరసగా కేసులు పెట్టి మొత్తం 29 ఏళ్ళు శిక్ష వేశారు. ఇక బతకడని తేలాక వదిలిపెట్టారు. 72 ఏళ్ళ జీవితంలో ఇరవై ఏళ్ళకు పైగా గోడల మధ్యే. అదే దేశంలోని కయిన్ రాష్ట్ర మాజీ ముఖ్యమంత్రి నాన్ ఖిన్ త్వే మింట్‌కైతే అవినీతి పేరుతో ఏకంగా 75 ఏళ్ళు.

2025 ఏప్రిల్‌లో బ్యాంకాక్‌లో మన ప్రధాని ఆ దేశ సైనికాధినేతను కలిశారు. పొరుగుదేశం, పదహారు వందల కిలోమీటర్ల పైచిలుకు సరిహద్దు, మాట్లాడుకోక తప్పదు. అలాంటి భేటీల్లో జైళ్ళలో ఉన్న ప్రజాప్రతినిధుల పేర్లు కూడా చదవమని అడుగుతున్నాను. కనీసం జబ్బుతో ఉన్నవాళ్ళకి సకాలంలో వైద్యం అందేలా పట్టుబట్టాలి. బర్మా క్యాంపులున్న విశాఖ ఎంపీ, రంగానికి వలసలు పంపిన శ్రీకాకుళం ఎంపీ ఈ ప్రశ్న పార్లమెంటులో వేయాలి. వాళ్ళ చేత వేయించే వరకూ మీ పత్రిక రాస్తూ ఉండాలని నా మనవి.

— ఒక పాఠకుడు, కంచరపాలెం, విశాఖపట్నం