సాంస్కృతిక శాఖ అధికారి గారికి బహిరంగ లేఖ: ఆ వేదిక నేల మార్పించండి

అయ్యా, నమస్కారం.

బ్యాలే అంటే గొప్పింటివాళ్ల వ్యవహారమనుకునేదాన్ని. 1661లో ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ అకాడమీ పెట్టించిన నాట్యం కదా మరి! పక్కింటి పిల్ల పిలిచిందని మొహమాటానికి కమ్యూనిటీ హాలుకెళ్లాను. ముందు వరసలో కూర్చుంటే, మునివేళ్ల మీద నిలబెట్టే ఆ బూట్ల టకటక, పిల్లల ఆయాసం కూడా వినిపించాయి. టీవీలో ఇవెక్కడ? అప్పట్నుంచి అక్కడ ఏ ప్రదర్శనా వదల్లేదు, చివరికి నాకు అర్థంకాని చిత్రకళా ప్రదర్శనలు కూడా.

ఒక్కటే బాధ. ఆ వేదిక సిమెంటుది. ఎగిరి దిగిన ప్రతిసారీ దెబ్బంతా మోకాళ్లకే. కింద కాస్త ఖాళీ వదిలి, అడుగు పడితే కొద్దిగా ఒదిగే చెక్క నేల వేయించండి. కుర్చీల సంగతి తర్వాత, మేం నిలబడైనా చూస్తాం.

ఇట్లు,
ముందు వరస ప్రేక్షకురాలు